20 మి.మీ. బోరు, 25 మి.మీ. స్ట్రోకు: ఒంటి సిలిండర్ స్టీమ్ ఇంజిన్ ప్రాజెక్టు డైరీ

పోతపోసిన కాస్టింగులు కొనకుండా, కడ్డీల నుంచీ దిమ్మల నుంచీ కోసి చేస్తున్న అడ్డ (హారిజాంటల్) ఇంజిన్ ఇది. బోరు అంటే సిలిండర్ లోపలి వ్యాసం, స్ట్రోకు అంటే పిస్టన్ ఒక వైపు నడిచే దూరం. డబుల్ యాక్టింగ్, అంటే పిస్టన్‌కు రెండు వైపులా ఆవిరి తోస్తుంది. పైన స్లైడ్ వాల్వ్, అంటే ముందుకూ వెనక్కూ జారుతూ ఆవిరి దారులను తెరిచి మూసే ముక్క, ఉంటుంది. 9 అంగుళాల లేత్, చిన్న మిల్లింగ్ మిషను, డ్రిల్లు, 0.01 మి.మీ. డయల్ గేజ్, సర్ఫేస్ ప్లేటు ఉంటే సరిపోతుంది. సీఎన్‌సీ అక్కర్లేదు.

ఈ డైరీలో కొలతలు చాలా ఉంటాయి. వాటిలో డ్రాయింగు ప్రకారం కచ్చితంగా తేవాల్సినవి తక్కువ, ఒకదానికొకటి జత కుదరాల్సినవే ఎక్కువ. బోరు 20.00 వచ్చినా 20.08 వచ్చినా ఇంజిన్ తిరుగుతుంది. బోరుకు, కవరుకు, రాడ్డుకు, గైడుకు అక్షం ఒకటే కాకపోతే మాత్రం తిరగదు. అందుకే ఏ భాగం ముందు, ఏది తర్వాత, ఏ రెండు కోతలు చక్ (లేత్‌లో ముక్కను పట్టే బిగింపు) విప్పకుండా ఒకే సెట్టింగులో పడాలి అన్నదే ఇక్కడ అసలు విషయం.

ఎంట్రీ 1: కాగితం మీద వాల్వ్

లోహం ముట్టుకోకముందే వాల్వ్ లెక్క తేల్చుకున్నాం. పోర్టులు, అంటే ఆవిరి వచ్చిపోయే గాట్లు, ఒకసారి కోశాక దిద్దుకునే చోటు లేదు.

స్టీమ్ పోర్టులు రెండు, ఒక్కొక్కటి 2.5 మి.మీ. వెడల్పు, 10 మి.మీ. పొడవు. మధ్యలో ఎగ్జాస్ట్ పోర్టు 4 మి.మీ. వాటి మధ్య అడ్డుగోడలు 2.5 చొప్పున రెండు. అన్నీ కలిపితే బయటి అంచు నుంచి బయటి అంచుకు 14 మి.మీ. వాల్వ్ నడిమధ్యన ఉన్నప్పుడు పోర్టు బయటి అంచును దాటి ఎంత కప్పుతుందో దాన్ని ల్యాప్ అంటారు. ఇక్కడ 1 మి.మీ. తీసుకున్నాం, కాబట్టి వాల్వ్ పొడవు 16. లోపలి గుంత పొడవు స్టీమ్ పోర్టుల లోపలి అంచుల మధ్య దూరమంత, అంటే 9. ఇరువైపులా పెదవి 3.5 చొప్పున మిగులుతుంది.

పోర్టు పూర్తిగా తెరుచుకోవాలంటే వాల్వ్ మధ్య నుంచి ల్యాప్ కలుపుకుని 3.5 మి.మీ. జరగాలి. అదే ఎక్సెంట్రిక్ (షాఫ్టు మీద కేంద్రం తప్పి కూర్చుని వాల్వ్‌ను నడిపే చక్రం) త్రో, అంటే కేంద్రం తప్పిన దూరం. మొత్తం ప్రయాణం 7 మి.మీ. ఎగ్జాస్ట్ పోర్టు కూడా స్టీమ్ పోర్టంతే వెడల్పు పెడితే ఏమవుతుందో ఇక్కడే తెలుస్తుంది. వాల్వ్ ఒక చివరికి పోయినప్పుడు దాని పెదవి ఎగ్జాస్ట్ పోర్టు మీదికి 1 మి.మీ. వస్తుంది. 4 మి.మీ. పోర్టులో అప్పటికీ 3 తెరిచే ఉంటుంది, పర్వాలేదు. 2.5 పెట్టి ఉంటే మిగిలేది ఒకటిన్నరే, అప్పుడు వాడేసిన ఆవిరి బయటికి పోలేక పిస్టన్‌కు ఎదురు నిలబడుతుంది.

లీడ్, అంటే డెడ్ సెంటర్ (పిస్టన్ ఒక చివరికి చేరి వెనక్కి మళ్లే చోటు) దగ్గర పోర్టు ముందుగానే తెరుచుకునే మేర, 0.2. ల్యాప్, లీడ్ కలిపి 1.2. దాన్ని త్రో 3.5తో భాగిస్తే 0.343 వస్తుంది. ఆ సైన్ విలువ ఉన్న కోణం 20 డిగ్రీలు. కాబట్టి ఎక్సెంట్రిక్, క్రాంకు కంటే 90కి మరో 20 కలిపి 110 డిగ్రీలు ముందుండాలి. ఈ లెక్కన ఆవిరి స్ట్రోకులో దాదాపు 90 శాతం దాకా లోపలికి వస్తుంది. పొదుపైన ఇంజిన్ కాదు, కానీ తక్కువ ఒత్తిడిలోనూ ఒప్పుకుని తిరుగుతుంది, మోడలుకు కావలసింది అదే. ల్యాప్ పెంచితే కటాఫ్ (ఆవిరి లోపలికి రావడం ఆగే క్షణం) ముందుకొచ్చి ఆవిరి మిగులుతుంది, కానీ స్టార్టింగులో మొండికేస్తుంది.

వాల్వ్ రెండు చివరలకీ పోయినప్పుడు కావలసిన చోటు 23 మి.మీ. కాబట్టి స్టీమ్ చెస్ట్ (వాల్వ్‌ను కప్పే ఆవిరి పెట్టె) లోపలి పొడవు 25 పెట్టాం.

ఎంట్రీ 2: సిలిండర్ దిమ్మ, బోరు

పోత ఇనుము కడ్డీ, 55 మి.మీ. వ్యాసం. కంటిన్యువస్ కాస్ట్ రకం తీసుకుంటే లోపల గాలి బుడగలు, ఇసుక, గట్టి ముక్కలు ఉండవు. దిమ్మ తుది కొలత: పొడవు 39, వెడల్పు 36, ఎత్తు 35. పోర్టు ముఖం బోరు అక్షానికి 17 మి.మీ. పైన.

పొడవు 39 ఎలా వచ్చిందంటే, స్ట్రోకు 25, పిస్టన్ మందం 8, ఇరు చివరలా ఖాళీ 1 చొప్పున 2, కలిపితే 35. రెండు కవర్ల స్పిగాట్లు (లోపలి వైపు గుండ్రటి ఉబ్బెత్తులు) బోరులోకి 2 మి.మీ. చొప్పున దిగుతాయి, అది 4.

ముందు దిమ్మను మిల్లింగులో నలువైపులా చదును చేశాం, పోర్టు ముఖం మీద మాత్రం అర మి.మీ. అదనంగా ఉంచి. తర్వాత ఫోర్ జా (నాలుగు దవడల) చక్‌లో పట్టి, అదే సెట్టింగులో ఒక చివర ఫేసింగు (ముఖం చదును చేయడం), బోరింగు. డ్రిల్లు 10, 15, 18 వరుసగా. అక్కడి నుంచి బోరింగ్ బారే. 12 మి.మీ. బారు, టూల్ పోస్టు బయటికి 45 మి.మీ. మాత్రమే. హెచ్‌ఎస్‌ఎస్ టూలుతో 300 ఆర్‌పీఎం, ఫీడు తిరుగుడుకు 0.05. కోత లోతు 0.25తో మొదలై చివర 0.05. ఆఖర్న డయల్ కదపకుండా రెండుసార్లు ఊరికే నడిపాం. బారు వంగి మిగిల్చిన లోహాన్ని ఆ రెండు నడకలే తీస్తాయి.

బోరు నోటి దగ్గర వెడల్పై లోపలికి సన్నబడితే తప్పు మూడు చోట్ల ఉండొచ్చు: బారు మరీ బయటికి వచ్చింది, టూలు మొద్దుబారింది, లేదా హెడ్‌స్టాక్ బెడ్డుకు సమాంతరంగా లేదు. మొదటి రెండూ చూసుకున్నాకే మూడోదాని జోలికి పోవాలి. టూలు పదును పెట్టగానే చాలాసార్లు సమస్య పోతుంది.

19.98 దగ్గర ఆపి, మిగతా 0.02 ల్యాపింగుతో (పేస్టు పూసిన కడ్డీతో అరగదీయడం) తీశాం. ల్యాపింగ్ కడ్డీ అల్యూమినియంది, మధ్యలో చీల్చి, టేపర్ స్క్రూతో విప్పారేలా చేసింది. కడ్డీ లోహం జాబ్ కంటే మెత్తగా ఉండి తీరాలి. అప్పుడే గ్రైండింగ్ పేస్టు రేణువులు కడ్డీలో గుచ్చుకుని బోరును అరగదీస్తాయి. లేకపోతే రేణువులు బోరులోనే దిగబడి, తర్వాత పిస్టన్‌ను ఏళ్ల తరబడి తింటాయి. 400 గ్రిట్, తర్వాత 600. కడ్డీ బోరు కంటే కాస్త పొడవు ఉండాలి. ప్రతి నడకలో ఇరువైపులా బోరులో మూడో వంతు పొడవు బయటికి వచ్చి వెళ్లాలి, అంతకు మించి వస్తే నోళ్లు వెడల్పవుతాయి. అయ్యాక కిరోసిన్‌తో కడిగి, ఆపై వేడి నీళ్లు, సబ్బు, బ్రష్. తెల్లగుడ్డ లోపల తిప్పితే నలుపు అంటకూడదు. ఈ కడగడం మీద ఎంత సేపు పెట్టినా ఎక్కువ కాదు.

రెండో చివరను చక్‌లో తిప్పి పట్టి ఫేసింగు చేయలేదు. సెంటర్ల మధ్య ఒక మాండ్రెల్ (బోరులో దూర్చే కడ్డీ) తిప్పి, పొడవు మొత్తం మీద 0.02 టేపర్ ఇచ్చి, దాని మీద సిలిండర్‌ను నొక్కి ఎక్కించి కోశాం. అలా చేస్తే ఆ ముఖం బోరుకు లంబంగానే వస్తుంది. అదే మాండ్రెల్‌ను తర్వాత రెండు వీ బ్లాకుల మీద పెట్టి, పోర్టు ముఖం మిల్లింగు అయ్యాక డయల్ గేజ్‌తో చూశాం. 39 మి.మీ.లో తేడా 0.02 లోపే ఉంది.

ఎంట్రీ 3: పోర్టులు, ఆవిరి దారులు

ఈ ప్రాజెక్టులో దిమ్మను పాడుచేసే పని ఏదైనా ఉంటే అది ఇదే. లోహం లోపల నాలుగు రకాల బెజ్జాలు ఒకదాన్నొకటి తప్పించుకుని పోవాలి: ఆవిరి దారులు, ఎగ్జాస్ట్, కవరు బోల్టులు, చెస్ట్ స్టడ్లు.

పోర్టు గాట్లు 2.5 మి.మీ. స్లాట్ డ్రిల్‌తో. 4 మి.మీ. లోతుకు ఒక్కో నడకలో 0.3 చొప్పునే దిగాం. ఎగ్జాస్ట్ గాటు 5 లోతు. డయల్ ఎప్పుడూ ఒకే వైపు నుంచి తిప్పుతూ రావాలి. బ్యాక్‌లాష్ (స్క్రూలోని ఖాళీ ఆట) మరిచి వెనక్కి తిప్పి ఆపితే పోర్టు అంచు 0.1 తప్పుతుంది. మన లీడ్ మొత్తమే 0.2, అంటే సగం అక్కడే పోయినట్టు. గాటు వెడల్పు చూడ్డానికి 2.5 డ్రిల్ బిట్టు కాడ చాలు.

ఎగ్జాస్ట్ బయటి దారి పక్క ముఖం నుంచి 4 మి.మీ. డ్రిల్, బోరు అక్షానికి 14 ఎత్తున. కింద బోరుకు 2 మి.మీ. గోడ, పైన పోర్టు ముఖానికి 1 మి.మీ. మిగిలాయి. బయటి 6 మి.మీ. మేర 4.2కి పెంచి ఎం5 ట్యాప్.

స్టీమ్ దారి సిలిండర్ చివర బోరు అంచు దగ్గర మొదలై, ఏటవాలుగా పైకి పోయి పోర్టు గాటు అడుగుకు తగలాలి. కోణం 14 డిగ్రీలు, పొడవు సుమారు 14 మి.మీ., 2.5 డ్రిల్. ఒక్కో చివర మూడు బెజ్జాలు, వాటి మధ్య 3.25. దిమ్మను వైస్‌లో 14 డిగ్రీలు వంచి పట్టాం. బోరు అంచు మీద నేరుగా డ్రిల్ పెడితే అది బోరులోకి జారిపోతుంది, సన్న డ్రిల్ అయితే విరిగి లోపలే ఉండిపోతుంది. అందుకే అదే కోణంలో ముందు 3 మి.మీ. ఎండ్ మిల్‌తో చిన్న చదును చేసి, సెంటర్ డ్రిల్ ముద్ర వేసి, అప్పుడు డ్రిల్ దింపాలి. ప్రతి 2 మి.మీ.కి పైకి తీసి పొట్టు దులపాలి. గాటులోకి చొచ్చుకునే చివరి క్షణంలో డ్రిల్ పట్టుకుని లాగుతుంది, అక్కడ హ్యాండిల్ మీద చెయ్యి తేలిగ్గా ఉంచాలి.

ఈ బెజ్జం బోరు గోడను చివరి నుంచి 5 మి.మీ. దాకా తెరుచుకుంటుంది. పిస్టన్ రింగు చివరి స్థానంలో దానికి 0.7 మి.మీ. ఇవతలే ఆగిపోతుంది. కోణం తగ్గించి 10 డిగ్రీలకు డ్రిల్ చేస్తే తెరుపు పెరిగి రింగు దాని మీదికి ఎక్కుతుంది. ఓ-రింగు వాడితే ఆ అంచు దాన్ని కొద్ది నిమిషాల్లోనే చెక్కు తీసినట్టు తీసేస్తుంది.

కవరు బోల్టులు ఆరు, ఎం3, 28 మి.మీ. వలయం మీద, 6 మి.మీ. లోతు. ఆవిరి దారులు రెండు బోల్టుల మధ్యన పడేలా వలయాన్ని తిప్పుకోవాలి, లేకుంటే పై బోల్టు దారిలోకి తెరుచుకుంటుంది. ఇలా పెట్టినా మధ్యలో మిగిలేది 1 మి.మీ.నే. చెస్ట్ స్టడ్లు నాలుగు మూలలా, మధ్య నుంచి పొడవునా 16, అడ్డంగా 11. ఐదో స్టడ్ మధ్యలో పెట్టాలనిపిస్తుంది. ఎగ్జాస్ట్ బెజ్జం అక్కడే ఉంది, పెట్టకూడదు.

అన్నీ అయ్యాక ఒక్కో పోర్టులోకి సబ్బు నీళ్లు పోసి, మిగతావి వేళ్లతో మూసి గాలి ఊదితే ఏ దారి ఎక్కడికి పోతోందో, గోడ ఎక్కడైనా తెగిందో తెలిసిపోతుంది.

ఎంట్రీ 4: కవర్లు, గైడు

వెనక కవరు సులువు. స్పిగాటు బోరులో చేత్తో నొక్కితే దిగాలి, ఊగకూడదు.

స్పిగాటు 2 మి.మీ. లోపలికి దిగి ఆవిరి దారి నోటిని మూసేస్తుంది! పై వైపున 10 వెడల్పు, 2.5 లోతు గాటు ఆకురాయితో తీయాలి. ఇది మరిచి ఇంజిన్ మొత్తం బిగించాక, ఒక వైపు గాలే వెళ్లడం లేదని వాల్వ్‌ను పదిసార్లు సర్దేవాళ్లుంటారు. గాస్కెట్‌లో కూడా అదే గాటు కోయాలి.

ముందు కవరు, క్రాస్‌హెడ్ (పిస్టన్ రాడ్డును కనెక్టింగ్ రాడ్డుకు కలిపే ముక్క) గైడు ఒకే ముక్క. లోపల 18 మి.మీ. గొట్టంలో గుండ్రటి క్రాస్‌హెడ్ నడుస్తుంది. పలక గైడ్లు చూడ్డానికి అందంగా ఉంటాయి, కానీ వాటిని సిలిండర్‌తో సరి చూసుకోవడం పెద్ద పని. గొట్టం గైడు తనంతట తానే సరిపోతుంది, ఒకే షరతు మీద: గైడు బోరు, ప్యాకింగు (రాడ్డు చుట్టూ ఆవిరి కారకుండా ఆపేది) గుంత, రాడ్డు బెజ్జం మూడూ ఒకే సెట్టింగులో పడాలి. గైడు నోటి వైపు నుంచి 18 బోరు 44 లోతు, దాని అడుగున 9 మి.మీ. ప్యాకింగు గుంత 7 లోతు, ఆ అడుగున 4.9 డ్రిల్, 5 రీమర్ (బెజ్జాన్ని తుది కొలతకు తెచ్చే పనిముట్టు). తర్వాత చక్‌లో ఒక ముక్క పట్టి దాన్ని 18కి బిగువుగా తిప్పి, విప్పకుండానే గైడును దాని మీదికి ఎక్కించి స్పిగాటును కోశాం. ఆ ముక్కను విప్పి మళ్లీ పట్టితే దాని కచ్చితత్వం పోతుంది. ఇంకోసారి కావాలంటే ఇంకోటి తిప్పుకోవాల్సిందే.

గ్లాండ్ నట్టును (ప్యాకింగును నొక్కే నట్టు) బిగించడానికి గైడు పక్కల రెండు కిటికీలు కోశాం. కనెక్టింగ్ రాడ్డు గొట్టం లోపలే ఊగుతుంది. రాడ్డు పొడవు 50, క్రాంకు 12.5 కాబట్టి గరిష్ఠ వంపు 14.5 డిగ్రీలు. నోటి దగ్గర రాడ్డు మధ్య నుంచి దాదాపు 5 మి.మీ. జరుగుతుంది. 5 మి.మీ. వెడల్పు రాడ్డయితే ఒకటిన్నర మి.మీ. దాకా మిగులుతుంది. నోటికి చాంఫర్ (అంచుకు ఏటవాలు కోత) కొడితే ఇంకా నిశ్చింత.

ఎంట్రీ 5: పిస్టన్

రాడ్డు 5 మి.మీ. స్టెయిన్‌లెస్, గ్రౌండ్ బారు. చివర ఎం4 థ్రెడ్ లేత్‌లోనే, డైను టెయిల్‌స్టాక్ హోల్డరులో పెట్టి. చేత్తో డై తిప్పితే థ్రెడ్ వంకర పోతుంది, పిస్టన్ దానితో పాటు వాలుతుంది.

పిస్టన్‌ను 20.5కి ముతకగా కోసి, రాడ్డు మీద బిగించి, రాడ్డును కోలెట్‌లో పట్టి తుది కోత వేశాం. 19.95 వచ్చింది. పిస్టన్ విడిగా పూర్తి చేసి ఆపై రాడ్డు బిగించడం తప్పు పద్ధతి. ఎంత శ్రద్ధగా చేసినా థ్రెడ్ దగ్గర 0.05 తేడా వస్తుంది, మనం వదిలిన ఖాళీ అంతా అదే.

ఓ-రింగు 2 మి.మీ. మందం, లోపలి వ్యాసం 16. గాడి అడుగు 16.24, వెడల్పు 2.6. ఇలా రింగు 6 శాతం నొక్కుడు పడుతుంది. హైడ్రాలిక్ పుస్తకాల్లో రాసే నొక్కుడు దీనికి రెట్టింపు ఉంటుంది. అది పెడితే ఈ చిన్న ఇంజిన్ బలమంతా రింగు రాపిడికే సరిపోతుంది. గాడి వెడల్పు ఎక్కువ ఉండటం వల్ల రింగు పక్కకు జరిగి, వెనకనుంచి వచ్చే ఒత్తిడితోనే గోడకు అంటుకుంటుంది. గాలితో నడిపితే నైట్రైల్ రబ్బరు రింగు, ఆవిరికి వైటాన్ రబ్బరుది.

పిస్టన్ లోహం విషయం. పోత ఇనుములో పోత ఇనుమే అయితే వేడికి ఇద్దరూ ఒకేలా పెరుగుతారు. ఇత్తడి పిస్టన్ అయితే 100 డిగ్రీల పెరుగుదలకు 20 మి.మీ. మీద సిలిండర్ కంటే దాదాపు 0.017 ఎక్కువ ఉబ్బుతుంది, అల్యూమినియం అయితే 0.025. గాలితో హాయిగా తిరిగి, ఆవిరి పెట్టగానే పట్టేసే ఇంజిన్లలో కారణం చాలావరకు ఇదే. పైగా ఆవిరి తగిలినప్పుడు పిస్టన్ ముందు వేడెక్కుతుంది, సిలిండర్ దిమ్మ ఆలస్యంగా.

ఎంట్రీ 6: క్రాంకు, ఎక్సెంట్రిక్, ఫ్లైవీల్

షాఫ్టు 8 మి.మీ. సిల్వర్ స్టీల్. క్రాంకు డిస్కు 38 వ్యాసం, 8 మందం. పిన్ను 5 మి.మీ. పిన్ను దూరం 12.5 అని ఉన్నా 12.45 వచ్చినా నష్టం లేదు. పిన్ను షాఫ్టుకు సమాంతరంగా ఉండటం మాత్రం ముఖ్యం. రెండు బెజ్జాలూ మిల్లింగు టేబుల్ మీద ఒకే పట్టులో డ్రిల్, రీమర్ చేశాం. 10 మి.మీ.లో 0.05 వాలినా ప్రతి చుట్టుకూ ఒకచోట బిగుసుకుంటుంది, ఎంత నడిపినా అరిగి వదులు కాదు.

జోడింపు రిటైనింగ్ కాంపౌండుతో (లోహాన్ని లోహానికి అతికించే జిగురు), ఖాళీ 0.03 నుంచి 0.05. ఎసిటోన్‌తో రెండు ముఖాలూ తుడవాలి. ఆరబెట్టడానికి ఒక రోజంతా వదిలి, తర్వాత డిస్కు అంచు నుంచి షాఫ్టు దాకా 2 మి.మీ. అడ్డపిన్ను కొట్టాం.

ఎక్సెంట్రిక్ 22 వ్యాసం. ఫోర్ జాలో డయల్ గేజ్ మొత్తం 7.00 తిరిగేలా సర్దాం, అంటే త్రో 3.5. త్రీ జాలో ఒక జా కింద ముక్క పెట్టే పద్ధతిలో ముక్క మందం త్రోకు ఒకటిన్నర రెట్లు అనే లెక్క ఉజ్జాయింపే. అది వాడితే కోసే ముందు గేజ్ పెట్టి చూడాలి.

ఫ్లైవీల్ 90 మి.మీ. పోత ఇనుము. బోరు, ఒక పక్క, అంచు ఒకే పట్టులో.

ఎంట్రీ 7: వాల్వ్, చెస్ట్

వాల్వ్ గన్ మెటల్ (ఒక రకం కంచు), 16 పొడవు, 14 వెడల్పు. ఈ డీ ఆకారపు స్లైడ్ వాల్వ్‌కు 1799లో విలియం మర్డాక్ పేటెంటు తీసుకున్నాడు. దాని గొప్పతనం ఇప్పటికీ అదే: ఆవిరే దాన్ని పోర్టు ముఖం మీద నొక్కి పట్టుకుంటుంది, అరిగే కొద్దీ ఇంకా బాగా అతుకుతుంది. అలా జరగాలంటే వాల్వ్ పైకి కిందికి స్వేచ్ఛగా ఉండాలి. వాల్వ్‌ను నడిపే రాడ్డు నట్టు దాని వీపు మీది అడ్డగాటులో కూర్చుంటుంది. పొడవు దిశలో ఆట అసలు ఉండకూడదు, నిలువు దిశలో అర మి.మీ. ఉండాలి. నట్టు గాటు అడుగుకు తగిలితే వాల్వ్ లేచిపోయి ఆవిరి నేరుగా ఎగ్జాస్టుకు పారుతుంది.

ముఖాలు మందపు గాజు పలక మీద 600, తర్వాత 1000 ఎమెరీ పేపరు, నూనె చుక్క వేసి, ఎనిమిది అంకె ఆకారంలో రుద్దాం. ప్రష్యన్ బ్లూ (నీలి రంగు) పలచగా పూసి నొక్కితే పోర్టుల చుట్టూ తెగకుండా మరక పడాలి. నడిమధ్య మరక లేకపోయినా దిగులు లేదు, అంచుల చుట్టూ ఉండటమే కావాలి. అంచుల బర్ (కోతలో మిగిలిన గరుకు) తీయాలి, కానీ గుండ్రం చేయకూడదు. పోర్టు అంచు, వాల్వ్ అంచు కత్తిలా ఉంటేనే టైమింగు కచ్చితంగా వస్తుంది.

ఎంట్రీ 8: అమరిక

బేరింగు బ్లాకులు బిగించే ముందు కనెక్టింగ్ రాడ్డు పెద్ద చివర క్రాంకు పిన్నుకు ఎదురుగా వదిలి, షాఫ్టును నాలుగు స్థానాల్లో తిప్పి చూశాం: రెండు డెడ్ సెంటర్లు, పైన, కింద. ప్రతిచోటా రాడ్డు నెట్టకుండానే పిన్ను మీదికి జారాలి. డెడ్ సెంటర్లలో ఎదురెదురు వైపులకు తప్పుకుంటే షాఫ్టు సిలిండర్‌కు లంబంగా లేదు. రెండింటిలోనూ ఒకే వైపు తప్పుకుంటే బ్లాకు మొత్తం పక్కకు జరగాలి. పైన, కింద తేడా వస్తే షాఫ్టు ఒక చివర ఎత్తుగా ఉంది. బయటి బ్లాకు కింద 0.05 ఇత్తడి రేకు ఒకటి పెట్టాక కుదిరింది. ఆ తర్వాతే డోవెల్ పిన్నులు (బ్లాకు స్థానం కదలకుండా పట్టేవి).

గ్లాండ్ ప్యాకింగు లేకుండా, నూనె పోసి, షాఫ్టును లేత్ చక్‌లో పట్టి 150 ఆర్‌పీఎం వద్ద 20 నిమిషాలు తిప్పాం. నల్లటి నూనె వస్తుంది, తుడిచి మళ్లీ పోయాలి.

ఎంట్రీ 9: టైమింగు

డెడ్ సెంటర్‌ను కంటితో పట్టలేం. అక్కడ క్రాంకు కొన్ని డిగ్రీలు తిరిగినా పిస్టన్ కదిలినట్టే ఉండదు. అందుకని డెడ్ సెంటర్‌కు ముందు క్రాస్‌హెడ్ ఒకచోట ఉన్నప్పుడు ఫ్లైవీల్ మీద గీత, దాటాక క్రాస్‌హెడ్ తిరిగి అదే చోటికి వచ్చినప్పుడు ఇంకో గీత. రెండింటి నడిమధ్యే అసలు డెడ్ సెంటర్. రెండు గీతలకూ షాఫ్టును ఒకే దిక్కున తిప్పుతూ రావాలి, లేకపోతే బేరింగుల ఆట లెక్కలో కలిసిపోతుంది.

చెస్ట్ మూత తీసి, మొదట వాల్వ్ రాడ్డు నట్టుతో పని. ఎక్సెంట్రిక్‌ను ఒక పూర్తి చుట్టు తిప్పితే రెండు పోర్టులూ సమానంగా తెరుచుకోవాలి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అయితే తేడాలో సగం మేర నట్టు జరపాలి. ఇది కుదిరాకే ఎక్సెంట్రిక్ కోణం జోలికి పోవాలి. వరుస తారుమారు చేస్తే ఒకటి సర్దితే ఇంకోటి చెడుతూ గంటలు గడుస్తాయి. తర్వాత డెడ్ సెంటర్‌లో ఎక్సెంట్రిక్‌ను తిప్పే దిక్కున జరుపుతూ 0.2 ఫీలర్ (ఖాళీ కొలిచే రేకు) దూరేంత తెరుపు రాగానే గ్రబ్ స్క్రూ బిగించాం. రెండో డెడ్ సెంటర్‌లో 0.15 చూపించింది, వదిలేశాం. ఎక్సెంట్రిక్‌ను అవతలి వైపు 110 డిగ్రీలకు పెడితే ఇంజిన్ వెనక్కి తిరుగుతుంది.

రెండు వైపులా కటాఫ్ సమానంగా రాదు. క్రాంకు 90 డిగ్రీల వద్ద ఉన్నప్పుడు పిస్టన్ సరిగ్గా మధ్యలో ఉండదు, రాడ్డు వంపు వల్ల 1.5 మి.మీ.కి పైగా క్రాంకు వైపు ఉంటుంది. అది వాల్వ్ తప్పు కాదు, సర్దే ప్రయత్నం అక్కర్లేదు.

ఎంట్రీ 10: గాలి, తర్వాత ఆవిరి

1 బార్ గాలికి చేత్తో ఒక చుట్టు ఇస్తే అందుకుంది. మొదట ఎగ్జాస్ట్‌లో ఆగని బుస. వాల్వ్ తీసి బ్లూ పూస్తే ఒక మూల అంటలేదు, 1000 పేపరు మీద ఇంకాసేపు రుద్దాక తగ్గింది. బుస ఆగకుండా ఉంటే వాల్వ్‌ను, స్ట్రోకుతో పాటు వచ్చి పోతుంటే పిస్టన్ రింగును అనుమానించాలి. ఈ తేడా చెవితోనే తెలుస్తుంది. డెడ్ సెంటర్లో ఠక్కుమని కొడితే షాఫ్టును చేత్తో నెమ్మదిగా తిప్పాలి. అప్పుడు కూడా గట్టిగా తగిలితే పిస్టన్ కవరుకు కొడుతోంది. చేత్తో తిప్పినప్పుడు లేకుండా ఒత్తిడిలోనే కొడితే పెద్ద చివర బుష్ వదులు.

ఆవిరికి వెళ్లేముందు సిలిండర్ రెండు చివరలా అడుగున డ్రెయిన్ కాక్‌లు (నీళ్లు వదిలే చిన్న కుళాయిలు) పెట్టాలి. చల్లని ఇనుము తగిలి మొదటి ఆవిరి నీరవుతుంది. పిస్టన్ చివర మనం వదిలిన 1 మి.మీ. ఖాళీలో పట్టేది 0.31 మి.లీ. మాత్రమే. అంతకన్నా నీరు చేరితే అది నలగదు, రాడ్డు వంగుతుంది లేదా కవరు స్క్రూలు పీక్కొస్తాయి. కాక్‌లు తెరిచి, చేత్తో ముందుకూ వెనక్కూ తిప్పుతూ, నీళ్లు ఆగి పొడి ఆవిరి వచ్చాకే మూయాలి. 2 బార్ దగ్గర ఆవిరి వేడి 134 డిగ్రీల దాకా ఉంటుంది, మామూలు మెషిన్ ఆయిల్ కొట్టుకుపోతుంది. చిక్కటి స్టీమ్ సిలిండర్ ఆయిల్‌తో లూబ్రికేటరు స్టీమ్ పైపు మీదే పెట్టాం. బాయిలరు మాత్రం హైడ్రాలిక్ పరీక్ష అయినదీ, సేఫ్టీ వాల్వ్ ఉన్నదీ తప్ప దీనికి తగిలించకూడదు.

గ్లాండ్ నట్టు వేలితో బిగించి పావు చుట్టు, అంతే. రాడ్డు మీద నీటి తడి కొంచెం కనిపించడం మంచిదే. పూర్తిగా ఆరిపోయేలా బిగిస్తే ప్యాకింగు కాలి రాడ్డు మీద గీతలు పడతాయి. ఇప్పుడు 0.5 బార్ గాలికి నెమ్మదిగా, ఒక్కో తెరుపు విడివిడిగా వినిపించేలా తిరుగుతోంది. మిగిలినవి: సిలిండర్ చుట్టూ చెక్క పట్టీలు, నూనె కప్పులు, రంగు.